మీ ప్రశ్న – అక్క జవాబు: మూడుసార్లే వెనక్కి వెళ్లనిచ్చే పెయింట్

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఐదో తరగతి నుంచీ ఇంట్లో పాత కంప్యూటర్‌లో బొమ్మలు వేస్తున్నాను. మా వీధి వినాయక చవితి ఫ్లెక్సీ మూడేళ్లుగా నేనే చేస్తున్నా. మొన్నటిది జత చేశాను. డిజైనర్ అవుదామని ఉంది. నాన్నేమో "బొమ్మలేసుకుని ఏం బతుకుతావురా, బీటెక్ చెయ్యి" అంటున్నారు. ముందు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, మా నాన్నా ఇదే మాట అన్నారు. స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టు దిగొచ్చి, నేను కంప్యూటర్ ముందే కూర్చుని ఉండటం చూసి అన్నారు. ఉక్కునగరం క్వార్టర్లో మా ఇంటికి విండోస్ 98 కంప్యూటర్ వచ్చేసరికి నాకు పదేళ్లు. ఇంటర్నెట్ లేదు. ఉన్నదల్లా పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రామ్. అందులో అన్‌డూ, అంటే గీసింది వెనక్కి తీసుకోవడం, మూడుసార్లే. నాలుగో తప్పు దాకా పోయావో, ఇక రబ్బరుతో చెరుపుకోవాల్సిందే. 2002లో బీచ్‌రోడ్డు మీద కురుసుర సబ్‌మెరైన్‌ని మ్యూజియం చేశారు కదా, అది చూసొచ్చి, మౌస్‌తో వెయ్యడానికి ఒక వేసవి సెలవులన్నీ పట్టింది. ఆ వంపు కుదిరితేనా! గీసే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగడం మాత్రం అప్పుడే అలవాటైంది. ఇప్పటికీ ఆ అలవాటే నాకు అన్నం పెడుతోంది.

డిగ్రీ చదువుతూ డాబాగార్డెన్స్‌లో కార్డులూ పాంప్లెట్లూ కంప్యూటర్‌లో తయారుచేసే ఒక డీటీపీ షాపులో చేరాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, బొమ్మలు వేసే కోరెల్‌డ్రా, తెలుగు రాసే అను ఫాంట్లు అక్కడే వచ్చాయి. అవి వచ్చేశాయి కాబట్టి నేనే గొప్ప డిజైనర్ననుకున్నాను. ఒక పెళ్లికార్డు చేసి ఫైలు ప్రెస్సుకి పంపాను, అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని గీతల్లోకి, మార్చకుండా. అను ఫాంట్లలో పైకి కనిపించేది తెలుగే గానీ, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడు. ఫాంటు మారితే అక్షరమే మారిపోతుంది. ప్రెస్సులో వేరే ఫాంటు పడింది. అచ్చుకి ముందు తప్పులు చూసుకునే ప్రూఫ్ చూడటానికి నేను వెళ్లలేదు. ఐదొందల కార్డుల మీద చి.ల.సౌ. లక్ష్మి కాస్తా 'లకమి' అయింది. పెళ్లి తొమ్మిది రోజులుంది. పెళ్లికూతురి తండ్రి తిట్టలేదు, కార్డు పట్టుకుని అలా నిలబడిపోయారు. మళ్లీ వేయించిన ఖర్చు రెండు నెలలు నా జీతంలో కోసుకున్నారు. న్యాయమే.

అందుకే సాఫ్ట్‌వేర్ సంగతి నన్ను రెండో ప్రశ్నగా అడుగు. నేను నేర్చుకున్న పేజ్‌మేకర్ ఇప్పుడు నా పనిలో అక్కర్లేదు. ఒత్తు ఎక్కడ నలుగుతోందో, స్క్రీన్ మీద మెరిసే నీలం కాగితం మీద ఎందుకు మాసిపోతుందో చూసే కన్ను మాత్రం పనికొస్తూనే ఉంది. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు, అంటే లోపల కూడా తెలుగు కోడే ఉండేవి, రామభద్ర, మండలి, గిడుగు దించుకో. ఒకే పేరు మూడింటిలోనూ రాసి పక్కపక్కన పెట్టుకో. మాటలకన్నా అవే ఎక్కువ చెబుతాయి.

నాన్నగారికి చెప్పాల్సింది వేరే ఉంది. డిజైన్‌కీ డిగ్రీ ఉందని ఆయనకి తెలియకపోవచ్చు. ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే కొన్ని ఐఐటీల్లోనే బీడిజైన్, అంటే డిజైన్ డిగ్రీ, చదవచ్చు. ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి) డాట్ అనే పరీక్ష వేరే ఉంది, మన రాష్ట్రంలోనూ ఒక ఎన్‌ఐడీ ఉంది. రెండింటిలోనూ చేత్తో బొమ్మ వెయ్యాలి, నీకొచ్చిన సాఫ్ట్‌వేర్ ఏదని ఎవరూ అడగరు. ఇంట్లో ఉంటూ రోజూ వెళ్లొచ్చి చదవాలంటే ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఉంది. ఐఐటీ అనే మాట ముందు అను, మిగతాది తర్వాత నెమ్మదిగా చెప్పొచ్చు.

ఇక నీ ఫ్లెక్సీ. రంగులు బాగున్నాయి. కానీ పదకొండు మంది కమిటీ సభ్యుల ఫొటోల మధ్య వినాయకుడు ఇరుక్కుపోయాడు, తొండం ప్రెసిడెంటుగారి తల వెనక్కి పోయింది. ఈసారి ముందుగా మండపం ఎదుటి రోడ్డు దాటి నిలబడి చూడు, అక్కడి నుంచి ఎంత లావు అక్షరం కనిపిస్తుందో. ఫొటోలన్నీ కింద ఒకే వరసలో, ఒకే సైజులో పెట్టు. ప్రెసిడెంటుగారు ఒప్పుకోకపోతే మళ్లీ ఉత్తరం రాయి.