ఆటల ముచ్చట్లు: వాళ్ల ఎండాకాలం, మన వానాకాలం

మృగశిర కార్తె వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు మారిపోతాయి. ఐపీఎల్ ముచ్చట వెనక్కి పోతుంది, ఇంగ్లండ్ ముందుకొస్తుంది. ఇక్కడ పత్తి గింజ పెట్టే రోజుల్లోనే అక్కడ వేసవి టెస్టులు మొదలవుతాయి మరి. ఈసారి నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: సారూ, ఐపీఎల్‌ల ఉతికి ఆరేసే మన బ్యాటర్లు ఇంగ్లండ్ పోంగనే స్లిప్‌ల ఎందుకు దొరికిపోతరు? భయమా? (ఇంటర్ విద్యార్థి, నర్సంపేట)

భయం కాదు తమ్మీ. నా బల్ల సొరుగులో ఒక డ్యూక్స్ బంతి ఉంది, ఇంగ్లండ్ టెస్టుల్లో వాడేది అదే. హన్మకొండ బడిలో నా దగ్గర ఆడుకున్న పిల్లగాడొకడు ఇప్పుడు లండన్‌లో కొలువు చేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు తెచ్చిచ్చాడు. నీ ఉత్తరం చదివి దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ముదురు ఎరుపు, మీద నిగనిగలాడే పూత. నడుమ ఆరు వరుసల దారం, అంతా చేతికుట్టు. బొటనవేలి గోటితో అడ్డంగా గీస్తే కుట్టు దగ్గర గోరు తట్టుకుని ఆగుతుంది. ఆ ఎత్తే అసలు సంగతి. కుట్టు నిటారుగా నిలబడి పిచ్ మీది పచ్చికకు తగిలితే బంతి ఎటు మళ్లుతుందో వేసినవాడికే తెలియదు.

మన దగ్గర వాడే ఎస్జీ బంతిదీ చేతికుట్టే. కానీ మన ఎండిన నేల మీద దాని తోలు తొందరగా గీరుకుపోతుంది. అక్కడి మైదానమంతా మెత్తటి గడ్డి కాబట్టి మెరుపు చాలాసేపు నిలుస్తుంది. ఒక పక్క నునుపుగా, ఇంకో పక్క గరుకుగా ఉన్నంతసేపూ బంతి గాలిలో వంగుతూనే ఉంటుంది, దాన్నే స్వింగ్ అంటాం. ఐపీఎల్‌లో తెల్ల బంతి రెండు మూడు ఓవర్లు ఊగి తర్వాత తిన్నగా వస్తుంది. అందుకే ముందుకాలు పక్కకు తీసి, చేతులు బారుగా చాచి కొట్టడం అలవాటవుతుంది. అదే చెయ్యి ఇంగ్లండ్‌లో చాచితే, చివరి గజంలో వంగిన బంతి బ్యాట్ అంచును ముద్దాడి, కీపర్ పక్కన కాచుకున్న స్లిప్ ఫీల్డర్ చేతిలోకి పోతుంది.

దీనికి మందు ఏమిటో తెలియాలంటే 2002 హెడింగ్లీ టెస్టు చూడు. మబ్బు పట్టిన పొద్దున, తడి ఉన్న పిచ్ మీద గంగూలీ టాస్ గెలిచి బ్యాటింగే తీసుకున్నాడు. సెహ్వాగ్ 8 పరుగులకే వెళ్లిపోయాడు. తర్వాత సంజయ్ బంగర్, ద్రవిడ్ కలిసి 170 పరుగులు జోడించారు. బంగర్ కొట్టింది 68, ఆడిన బంతులు 236. ద్రవిడ్ 148, సచిన్ 193, గంగూలీ 128 అందరికీ గుర్తుంటాయి. నా మట్టుకు ఆ మ్యాచ్‌కు పునాదిరాయి బంగర్ వదిలేసిన బంతులే. ఆఫ్ స్టంప్ ఎక్కడుందో తెలిసి, బ్యాట్ పైకెత్తి బంతిని కీపర్‌కు పోనివ్వడం కూడా బ్యాటింగే తమ్మీ. ఆ టెస్టు మనం ఇన్నింగ్స్ 46 పరుగుల తేడాతో గెలిచాం.

ఇంకొకటి నా చెవులతో విన్నది. 1979 సెప్టెంబర్ 4న నేను పదో తరగతి. లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండ్ మీద మనం గెలవాలంటే 438 కొట్టాలి. చూరు నీళ్లు బకెట్లో టపటప పడుతుంటే పక్కింటి రేడియో ముందు ఆరుగురం కూర్చున్నాం. గవాస్కర్ 443 బంతులాడి 221 కొట్టి, స్కోరు 389 ఉన్నప్పుడు అవుటయ్యాడు. రాత్రి ఆట ముగిసేసరికి మనది 8 వికెట్లకు 429. తొమ్మిదంటే తొమ్మిది పరుగులు! ఆ రాత్రి ఎవరం అన్నం సరిగా తినలేదు. ఇప్పటికీ ఆ తొమ్మిది పరుగులు నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంటాయి.

ప్రశ్న: మధ్యాహ్నం మూడున్నరకు టీవీ పెడితే రాత్రి పదకొండు దాకా మావారూ, బాబూ కదలరు. ఐదు రోజులు ఇట్లనే. నేనూ కూర్చుందామంటే ఎక్కడ పట్టుకోవాల్నో తెలుస్తలేదు. (గృహిణి, నయీంనగర్, హన్మకొండ)

అమ్మా, కూర్చుందామనుకున్నారు, అదే సంతోషం. అంతా చూడనక్కర లేదు. అక్కడ పొద్దున పదకొండుకు ఆట మొదలైతే మనకు మూడున్నర. మొదటి గంట చూడండి. కొత్త బంతి, తాజా పిచ్, బౌలర్ ఒంట్లో పూర్తి బలం. ఐదున్నరకు వాళ్లకు భోజన విరామం, మీరు వంట పని చూసుకోవచ్చు. ఎనభై ఓవర్లు పూర్తయ్యాక ఫీల్డింగ్ జట్టు ఇంకో కొత్త బంతి తీసుకోవచ్చు. వాన ఆపకుండా ఒకే జట్టు పొద్దుటి నుంచి ఆడుతుంటే అది రాత్రి పదింటి ప్రాంతంలో వస్తుంది, అదీ వదలొద్దు. బౌలర్ చేతిలో బంతిని ఎట్లా పట్టుకున్నాడో, మెరిసే పక్క ఎటుందో చూడడం మొదలుపెడితే వారం తిరక్కుండానే తర్వాతి బంతి ఎటు పోతుందో మీరే ముందు చెబుతారు. మీ బాబు నివ్వెరపోతాడు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మన మొదటి టెస్టుకు కెప్టెన్ తెలుగాయనేనా? (డిగ్రీ విద్యార్థిని, మంచిర్యాల)

అవునమ్మా, సి.కె. నాయుడు. పుట్టింది నాగపూర్‌లో, ఇంటివాళ్లు తెలుగువాళ్లు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన ఆ మ్యాచ్ మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో ఆయన కొట్టిన 40 పరుగులే మన జట్టులో ఎక్కువ. ఇంకో పేరు కూడా రాసిపెట్టుకో. 1971 ఆగస్టులో ఓవల్‌లో గెలిచి ఇంగ్లండ్ గడ్డ మీద మనం తొలి సిరీస్ అందుకున్నప్పుడు, గెలుపు ఫోర్ కొట్టింది మన హైదరాబాద్ ఆటగాడు సయ్యద్ ఆబిద్ అలీ.

ప్రశ్న: మావోనికి పన్నెండేండ్లు. టెన్నిస్ బంతితోని మస్తు స్పీడేస్తడు. సిరాజ్ లెక్క అయితనంటడు. తోలు బంతి కొనియ్యమని గొడవ. కొనియ్యొచ్చునా? (రైతు, పరకాల)

అన్నా, కొనివ్వండి. కానీ పెద్దల బంతి వద్దు. దాని బరువు 156 నుంచి 163 గ్రాములు, ఆ భుజానికి ఎక్కువ. పిల్లల కోసం సుమారు 135 గ్రాముల బంతి దొరుకుతుంది, అదడగండి. కొనేముందు కుట్టు మీద గోరు గీసి చూడండి. చదునుగా ఉంటే డబ్బులు దండగ. ఒకసారి బడికి మేం డజను బంతులు చవకగా వచ్చాయని తెస్తే పది ఓవర్లకే తోలు ఉబ్బి కుట్లు ఊడొచ్చాయి. ఆ సీజనంతా పిల్లలు స్వింగ్ అంటే ఏమిటో చూడలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

సిరాజ్ తండ్రి హైదరాబాద్‌లో ఆటో నడిపారు. సిరాజ్ కూడా టెన్నిస్ బంతితోనే మొదలుపెట్టాడు, కాబట్టి మీవాడు దారి తప్పలేదు. అయితే 2025 పర్యటన గురించి మీవాడికి పూర్తిగా చెప్పండి. జులై 14న లార్డ్స్‌లో మన జట్టులో ఆఖరున అవుటయింది సిరాజే. ఇంగ్లండ్ స్పిన్నర్ బషీర్ వేసిన బంతిని బ్యాట్ నడిమితో ఆపాడు, అది కిందపడి వెనక్కి దొర్లి స్టంప్‌కు తగిలింది, ఒక బెయిల్ రాలింది. 22 పరుగులతో ఓడిపోయాం. సిరాజ్ అట్లాగే పిచ్ మీద కూలబడ్డాడు. సరిగ్గా మూడు వారాలకు, ఆగస్టు 4న, ఓవల్‌లో ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లున్నాయి. అందులో మూడు సిరాజే తీశాడు. ఆఖరిది అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ పడగొట్టిన యార్కర్. 6 పరుగులతో గెలిచాం, సిరీస్ 2-2.

మన ఫాస్ట్ బౌలర్లలో ఐదు టెస్టులూ ఆడింది సిరాజ్ ఒక్కడే. మొత్తం 185.3 ఓవర్లు, 23 వికెట్లు. చివరి ఓవర్లలో కూడా పరుగు తగ్గలేదు. ఆ కాళ్లు ఒక్క రోజులో రావు. మీవాడితో ఇప్పుడు రోజూ ఆరు ఓవర్లకు మించి వేయించకండి. ఒక స్టంప్ పాతి, దాని ముందు చేతిరుమాలు పరిచి దాని మీదే బంతి వేయమనండి. స్పీడ్ గురించి తర్వాత చూద్దాం. వానలు వెనక్కి తగ్గాక, దసరా సెలవుల్లో పొద్దున ఆరింటికి సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు తీసుకురండి. నేను అక్కడే ఉంటాను. కొత్త బంతి వద్దు, వాడు రోజూ వేసిన పాతదే తెమ్మనండి. ఒక పక్క మెరుపు ఎంత కాపాడాడో చూస్తాను.