కప్ప గుండె పని మొదలుపెట్టే ముందు

హబ్సిగూడ, హైదరాబాద్

తల్లీ,

మావయ్య ఆశీస్సులు. ల్యాబ్‌లో కప్ప గుండె మీద పని ఒప్పుకున్నావని అమ్మ చెప్పింది. ఎంత సంతోషించానో! గుండెపోటు తర్వాత మీ తాతయ్య గుండెలో కండరం పోయినచోట మచ్చే మిగిలింది కదా. ఆ మచ్చ ఎందుకు పడుతుందో తెలుసుకునే పని ఇది.

'కప్ప గుండె కోసినా మళ్లీ పెరుగుతుంది' అని ఎవరన్నా వెంటనే అడుగు: ఏ కప్ప? ఏ వయసులో? జెనోపస్ లీవిస్ అనే ఆఫ్రికా కప్ప టాడ్‌పోల్‌గా (తోకకప్పగా) ఉన్నప్పుడు జఠరిక (రక్తాన్ని బయటికి నెట్టే గుండె గది) కొన కత్తిరిస్తే మళ్లీ పెరుగుతుంది. పెద్ద కప్ప అయ్యాక కోస్తే మచ్చ పడి ఉండిపోతుంది. టాడ్‌పోల్‌ను కప్పగా మార్చే థైరాయిడ్ హార్మోనే ఈ శక్తిని తగ్గిస్తుందని 2019లో తేలింది. తోకను కరిగించే హార్మోనే గుండెకు ఆ వరం తీసేస్తోంది! ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు పులకరిస్తుంది. దాని దగ్గరి చుట్టం జెనోపస్ ట్రాపికాలిస్ మాత్రం పెద్దదయ్యాక కూడా నెల రోజుల్లో దాదాపు మచ్చ లేకుండా కోలుకుందని 2017లో ఇంకో బృందం రాసింది. అందుకే 'కప్ప' అని మాత్రమే రాసిన నోట్‌బుక్ ఎందుకూ పనికిరాదు. జాతి రాయి. టాడ్‌పోల్ అయితే రోజులు కాదు, ఏ దశో రాయి. నీళ్ల వేడిని బట్టి ఒకే రోజు పుట్టినవి కూడా వేర్వేరు దశల్లో ఉంటాయి.

మన కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, కప్ప చర్మం దాన్ని పీల్చేస్తుంది. క్లోరిన్ తీసేశాకే తొట్టిలో పోయి. లీవిస్‌కు 20 డిగ్రీల చుట్టుపక్కల చల్లదనం కావాలి, మే నెలలో ఏసీ ఆగితే ప్రాణాలకే టెన్షన్. మత్తు పూర్తిగా ఎక్కిందో లేదో చూడకుండా కత్తెర పట్టకు. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చేదాకా అసలు మొదలే పెట్టకు.

ఛాతీ తెరిచి మూసి, గుండె ముట్టుకోని కప్పలు కూడా నీకు కావాలి. పోలికకు అవే ఆధారం.

ఒకసారి కొన నున్నగా మూసుకుందని చూసి, పెరిగిపోయిందని అందరికీ చెప్పేశాను. పలుచగా కోసి మాసన్ ట్రైక్రోమ్ రంగు వేస్తే, ఎర్రటి కండరం మధ్యలో నీలంగా కొలాజెన్ (మచ్చలో పేరుకునే ప్రోటీన్) పట్టీ కనిపించింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. పైచూపుతో తేల్చకు. నీలం కొన్నాళ్లు వచ్చి పోనూ పోవచ్చు, కాబట్టి ఒక్క రోజు స్లైడ్ కాదు, వారాల తరబడి వరుసగా చూడాలి.

మొదటి స్లైడ్లు రాగానే ఆదివారం ఇంటికి తీసుకురా. నా పాత మైక్రోస్కోప్ శుభ్రం చేసి ఉంచుతాను.

మావయ్య