రోజంతా నిలబడే ఉంటాను... ఇంకా వ్యాయామం కావాలా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఉద్యోగం, ఇంటి పని, 14 ఏళ్ల అమ్మాయి, 70 దాటిన అత్తయ్యగారు. మావారు రోజూ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తూ నన్నూ రమ్మంటారు. ఆ టైమ్‌లో నాకు వంటింట్లో పని. రోజంతా నిలబడే ఉంటాను కదా, వేరే ఎక్సర్‌సైజ్ అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. కానీ టైమ్ లేకపోవడం మీ తప్పు కాదు. వారానికి 168 గంటలు అందరికీ ఉన్నవే. మీవారు నడిచే ఆ గంట, మీరు పొయ్యి దగ్గర ఉండబట్టే ఆయనకు దొరుకుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా ప్రకారం తగినంత శారీరక శ్రమ లేనివాళ్లు మగవాళ్లలో 29 శాతం, ఆడవాళ్లలో 34 శాతం. దీన్ని ఆడవాళ్ల బద్ధకం అంటే నేను ఒప్పుకోను.

ఇంటి పని కొంత లెక్కలోకి వస్తుంది. ఊపిరి వేగం పెరగాలి, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. గబగబా ఇల్లు తుడిచినా, మెట్లెక్కినా అలా అవుతుంది. గిన్నెల దగ్గర నిలబడితే కాదు, కాళ్లు పీకడమే మిగులుతుంది. ఇలాంటి శ్రమ వారానికి కనీసం 150 నిమిషాలు ఉండాలి. ఒకేసారి అక్కర్లేదు, ఐదు నిమిషాలైనా కలుపుకోవచ్చు.

మీ వయసులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది కండరాలు, ఎముకల బలం తగ్గడం. నెలసరి ఆగే రోజుల్లో ఎముకలు త్వరగా పలచబడతాయి. అందుకే వారానికి రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలి. కదలని కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి. చేతుల సాయం లేకుండా లేవండి. కూర్చునేటప్పుడు ధబేలున పడిపోకుండా మెల్లగా దిగండి, అసలు పని అక్కడే. పదిసార్లు చేసి, కాసేపాగి మళ్లీ పది. మోకాలు నొప్పెడితే ఆపి డాక్టర్‌కి చూపించండి.

అత్తయ్యగారు కుర్చీ చేతులు పట్టుకుని ఇదే చేయొచ్చు. ఆ వయసులో పడిపోకుండా ఉండేందుకు బ్యాలెన్స్ వ్యాయామాలు వారానికి మూడు రోజులు కావాలి. మొదట్లో పక్కన ఒకరుండాలి. అమ్మాయికి సగటున రోజుకు గంట ఆట కావాలి. చదువు పేరుతో మాన్పించకండి, ఆడపిల్లలకు ఆట ఈ వయసులోనే దూరమవుతుంది.

ఇక మీవారితో మాట్లాడండి. వారంలో మూడు పొద్దుటిపూటలు వంటిల్లు ఆయనది, నడక మీది. ఆ రోజుల్లో ఆయన సాయంత్రం నడవొచ్చు. కుర్చీ వ్యాయామం ఆయనకూ అవసరమే, నడక ఒక్కటే సరిపోదు.