ట్యూబు ప్రీయాంప్ పెట్టాక మృదంగం తొప్పి ఎందుకు పలచబడింది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. ఇంట్లో టర్న్‌టేబుల్, సీడీ ప్లేయర్, ట్రాన్సిస్టర్ పవర్ యాంప్, అరలో పట్టే చిన్న స్పీకర్లు ఉన్నాయి. పాత ప్రీయాంప్ (పవర్ యాంప్‌కు ముందుండి వాల్యూము చూసుకునే పెట్టె) పాడైతే, హైదరాబాదులో ఉండే మా తోడల్లుడు తన ట్యూబు ప్రీయాంప్ కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చాడు. పెట్టగానే గాత్రం ఎదురుగా కూర్చుని పాడినట్టు వినిపించింది. కానీ మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి, బరువు పోయింది, దాని మీద గుమ్మని పలికే గుంకీలు వినపడీ వినపడనట్టున్నాయి. "ట్యూబు తీపి అంటే అదే, అలవాటవుతుంది. పాత రికార్డింగులన్నీ ట్యూబుల మీద చేసినవే కాబట్టి ట్యూబుల మీదే వినాలి" అంటాడాయన. మా అబ్బాయేమో అంతా భ్రమ, ఏ ప్రీయాంపైనా ఒకటే అంటాడు. కొనాల్సి వస్తే ఏది కొనాలి? పవర్ యాంప్ వెనక ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు, 1 వోల్టు అని రాసి ఉంది. మూత తీసి తీసిన ఫొటో పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మాస్టారూ, ముందు ఆ మూత సంగతి. ట్యూబు ప్రీయాంప్‌లో 250 నుంచి 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. స్విచ్ కట్టేసి ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్లలో అది కొంతసేపు నిలవ ఉంటుంది. ఆ నిలవను దించి, మీటరుతో చూసి ఖాయం చేసుకోకుండా మాలాంటి వాళ్లం కూడా లోపల వేలు పెట్టం. దయచేసి ఇంకోసారి తీయకండి.

మీరు విన్నది భ్రమ కాదు, మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి. ట్యూబు తీపి కూడా కాదు, ఇది మీ తోడల్లుడిగారికి. గాత్రం ముందుకు రావడమూ తొప్పి పలచబడడమూ ఒకే కారణం వల్ల జరిగాయి, ఆ కారణం మీ ఫొటోలోనే కనిపిస్తోంది. అవుట్‌పుట్ సాకెట్ల దగ్గర పసుపు రంగు కెపాసిటర్లు రెండున్నాయి చూడండి, వాటి మీద 0.22 అని ఉంది. అంటే 0.22 మైక్రోఫారడ్.

ట్యూబు ప్లేటు (పెంచిన పాట బయటికొచ్చే కొస) మీద వందకు పైగా వోల్టుల డీసీ ఉంటుంది. అది పవర్ యాంప్‌లోకి పోకూడదు, పాట మాత్రం పోవాలి. మధ్యలో ఆ కెపాసిటర్ ఉన్నది అందుకే. అయితే కెపాసిటర్ కింది స్వరాలను అంత తేలిగ్గా దాటనివ్వదు. ఎంత కిందికి దాటనిస్తుందన్నది అవతల ఉన్న పవర్ యాంప్ ఇన్‌పుట్ నిరోధం మీద ఆధారపడుతుంది. మీ ప్రీయాంప్‌లో ఉన్నది ఈసీసీ82, అమెరికా పేరుతో 12ఏయూ7. ఫొటోలో చూస్తే ప్లేటు నుంచి నేరుగా బయటికి తీశారు, అవుట్‌పుట్ నిరోధాన్ని తగ్గించే కేథోడ్ ఫాలోయర్ అనే మెట్టు మధ్యలో లేదు. అలాంటి సర్క్యూట్ అవుట్‌పుట్ నిరోధం 7 కిలో ఓమ్‌లు అటూఇటూగా ఉంటుంది. దానికి మీ పవర్ యాంప్ 10 కిలో ఓమ్‌లు కలపండి, 17. ఈ 17 కిలో ఓమ్‌లకు 0.22 మైక్రోఫారడ్ పెట్టి లెక్క కడితే 43 హెర్ట్‌జ్ దగ్గర శక్తి సగానికి పడిపోతుంది. అక్కడితో ఆగదు, 70 హెర్ట్‌జ్ దగ్గర కూడా దాదాపు ఒకటిన్నర డెసిబెల్ పోతుంది. ఒకటి శ్రుతి తంబూరాలో మంద్ర షడ్జమం 65 హెర్ట్‌జ్. తొప్పి గుంకీ పలికేది ఆ చుట్టుపక్కలే. మీ చిన్న స్పీకర్లకు అక్కడ మొదటే బలం తక్కువ, ఉన్న కాస్తలో ఇదొక కోత. అడుగున బరువు తగ్గితే మధ్యలో ఉన్న గొంతు తేటగా, ముందుకు వచ్చినట్టు వినపడుతుంది. మీరు తీపి అనుకున్నదాంట్లో పెద్ద వాటా ఇదే.

ఇదే ప్రీయాంప్‌ను 100 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న పవర్ యాంప్‌కి కలిపితే ఆ 43 కాస్తా 7 హెర్ట్‌జ్‌కు దిగుతుంది, తొప్పి తొప్పిలాగే మోగుతుంది. ట్యూబు పవర్ యాంప్‌లకు మామూలుగా 100 కిలో ఓమ్‌లో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. మీ తోడల్లుడిగారి ఇంట్లో ఉన్నది అలాంటిదే అయ్యుంటుంది, అందుకే ఆయనకు ఈ లోటు వినపడలేదు. 10 కిలో ఓమ్‌ల మీద ఇంకో నష్టం కూడా ఉంది. మేడ మీదికి సన్న గొట్టంతో వచ్చే నీళ్లకు కింద కుళాయిలన్నీ తిప్పేసినట్టు ట్యూబు మీద భారం పడుతుంది. సిగ్నల్‌లో నలభై శాతం దాకా ప్రీయాంప్‌లోనే ఖర్చయిపోతుంది, వక్రత (డిస్టార్షన్) కూడా పెరుగుతుంది. పవర్ యాంప్ ఇన్‌పుట్ నిరోధం ప్రీయాంప్ అవుట్‌పుట్‌ నిరోధానికి కనీసం పది రెట్లు ఉండాలని మేం పట్టుకునే లెక్క ఇందుకే. మంచి ట్రాన్సిస్టర్ లేదా ఐసీ ప్రీయాంప్ అవుట్‌పుట్ నిరోధం 50 నుంచి 200 ఓమ్‌ల మధ్య ఉంటుంది. దానికి మీ 10 కిలో ఓమ్‌లు ఒక లెక్క కాదు.

మరి ట్యూబు తీపి అనేదే లేదా? ఉంది. సంగీతం తెలిసిన వారు కాబట్టి స్వరాల్లో చెబుతాను. మీ ప్రీయాంప్‌లో ఉన్నలాంటి ట్రయోడ్ రకం ట్యూబు కలిపే వక్రతలో ఎక్కువ భాగం రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు హెర్ట్‌జ్‌లు. మధ్యమ స్థాయి షడ్జం పలికితే రెండో హార్మోనిక్ సరిగ్గా తార షడ్జం, మూడోది తార పంచమం. శ్రుతిలో కలిసిపోయేవే కాబట్టి అవి తోడైనా చెవికి తప్పుగా తోచదు, గొంతు కాస్త నిండుగా అనిపిస్తుంది. లెక్క తేలికగా ఉండాలని షడ్జం 400 హెర్ట్‌జ్ అనుకుందాం, పంచమం 600. రెండూ కలిసి మోగినప్పుడు వక్రత వాటి తేడానూ కూడికనూ కూడా కొత్త స్వరాలుగా పుట్టిస్తుంది. తేడా 200, అంటే మంద్ర షడ్జం. కూడిక 1000, అంటే తార స్థాయి అంతర గాంధారం. ఇవీ బాగానే ఉన్నాయి. ఇప్పుడు షడ్జంతో కాకలి నిషాదం తీసుకోండి, 400, 750. తేడా 350, కూడిక 1150. ఈ రెండూ మనం పాడే ఏ స్వరం మీదా కుదురుగా కూర్చోవు. అందుకే తంబూరా, గాత్రం, ఒక వయొలిన్ ఉన్నంతసేపు ట్యూబు మీద హాయిగా ఉండే శబ్దం నాదస్వరం, డోలు జంటగా అందుకునేసరికి చిక్కబడి కలగాపులగం అవుతుంది. ఇదంతా వక్రత గట్టిగా ఉన్నప్పటి మాట. భారం సరిపడి, 1 వోల్టు లోపల పనిచేస్తున్న ఈసీసీ82 దగ్గర వక్రత శాతంలో పదో వంతుకు అటూఇటూ ఉంటుంది. మామూలు 5532 ఐసీ పెట్టి శ్రద్ధగా కట్టిన ప్రీయాంప్‌లో శాతంలో వెయ్యో వంతు స్థాయికి పోతుంది. ఈ రెండిటినీ ఒకే వాల్యూములో పెట్టి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపిస్తే ఇది ట్యూబు, ఇది ట్రాన్సిస్టర్ అని ఎప్పుడూ సరిగ్గా చెప్పగలిగిన వాళ్లను నా బల్ల దగ్గర నేను చూడలేదు. తేడా స్పష్టంగా వినిపించిన ప్రతిసారీ వెతికితే ఇంకేదో దొరుకుతుంది. మీ కేసులో దొరికినట్టే.

ఆ "ఒకే వాల్యూము" దగ్గరే చాలామంది దారి తప్పుతారు. కొంచెం గట్టిగా మోగినదే బాగున్నట్టు ప్రతి చెవికీ అనిపిస్తుంది. మీరు పోల్చదలిస్తే 400 హెర్ట్‌జ్ టోను ఫోన్లో దింపుకుని పెట్టండి. మల్టీమీటర్‌ను ఏసీలో ఉంచి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలవండి. మొదటి ప్రీయాంప్‌తో 1 వోల్టు వస్తే, రెండోదానితో 0.98కి, 1.02కి మధ్యలోకి వచ్చేలా వాల్యూము సరిచేసి, గుర్తు పెట్టుకుని, అప్పుడు కీర్తన పెట్టండి. తీగలు మార్చేది మీ అబ్బాయి, మీరు గోడ వైపు తిరిగి కూర్చోండి. తీగలు మార్చే ప్రతిసారీ ముందు పవర్ యాంప్ ఆపాలి.

పాత రికార్డింగులను ట్యూబుల మీదే వినాలన్న వాదం నాకు నచ్చదు. ట్రాన్సిస్టర్ పుట్టింది 1947 డిసెంబరులో, అమెరికా బెల్ ల్యాబ్స్‌లో. మన విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. అప్పటి మైకు యాంప్ నుంచి ట్రాన్స్‌మిటర్ దాకా అన్నీ వాల్వులే (ట్యూబులకు ఇంకో పేరు), వేరే దారి లేదు. ఆ రోజుల గాత్రంలో వాల్వు కలపగలిగిందంతా రికార్డయ్యేటప్పుడే కలిసిపోయింది. మనం మళ్లీ కలపాల్సిన పని లేదు, ఉన్నది ఉన్నట్టు వినిపించే పరికరం ఉంటే చాలు. ఆ గాయకుల మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను.

కొనే సంగతి. మీ ఇంటికి ట్రాన్సిస్టర్ ప్రీయాంపే కొనండి. సీడీ ప్లేయర్ 2 వోల్టులిస్తుంది, మీ పవర్ యాంప్ పూర్తిగా మోగడానికి 1 వోల్టు చాలు. అంటే లైన్ స్టేజిలో, సీడీ లాంటి వాటిని అందుకునే భాగంలో, మీకు పెంపకమే అక్కర్లేదు. ఈసీసీ82 పది రెట్లకు పైగా పెంచి చేతిలో పెడితే, వాల్యూము నాబ్ మొదట్లోనే ఆపేయాల్సి వస్తుంది. చవక వాల్యూము కంట్రోళ్లు అక్కడే ఎడమ, కుడి చానళ్లను సమానంగా ఉంచలేవు. మిగిలిన డబ్బు టర్న్‌టేబుల్ మీద పెట్టండి. టర్న్‌టేబుల్ ముల్లు పట్టుకునే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేది 5 మిల్లీవోల్టులు అటూఇటూ, అసలు పెంపకం కావాల్సింది దానికి. ఆ పెంపకం చేసే ఫోనో స్టేజి ఇన్‌పుట్ 47 కిలో ఓమ్‌లు ఉండాలి, రికార్డు చెక్కేటప్పుడు తగ్గించిన కింది స్వరాలనూ పెంచిన పై స్వరాలనూ మళ్లీ సరిచేసే ఆర్‌ఐఏఏ దిద్దుబాటు కచ్చితంగా ఉండాలి. మీ స్టైలస్ (ముల్లు) ఎప్పుడు మార్చారో ఉత్తరంలో రాయలేదు. గుర్తు లేనంత కాలమైతే ఇంకేదీ కొనకముందు అది మార్చండి.

తోడల్లుడిగారి ప్రీయాంపే నచ్చి ఆయన మీకే ఇచ్చేస్తానంటే, తెలిసిన మెకానిక్ చేత ఆ 0.22 తీయించి 2.2 మైక్రోఫారడ్, 400 వోల్టులకు తగ్గని ఫిల్మ్ కెపాసిటర్లు వేయించండి. కోత 4 హెర్ట్‌జ్‌కు దిగుతుంది. అప్పుడు మాత్రం ముందు ప్రీయాంప్ వేసి, ఒక నిమిషం ఆగి పవర్ యాంప్ వేయాలి. ఆపేటప్పుడు పవర్ యాంప్ ముందు. లేకపోతే స్పీకర్లకు గట్టి దెబ్బ తగులుతుంది. ఆయన వస్తువు ఆయనకు తిరిగివ్వాల్సినదే అయితే సోల్డరింగ్ జోలికి పోవద్దు.

ప్రశ్న: నా ట్యూబు ప్రీయాంప్‌లో ట్యూబులు ఏడాదికే నీరసిస్తున్నాయి. రాత్రిళ్లు ఫిలమెంటు మరీ ఎర్రగా వెలుగుతోంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిస్తే గుయ్‌మని హమ్ వస్తోంది. ట్యూబులు నాసివా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ట్యూబులను అనకండి మేడమ్, ముందు గోడ సాకెట్‌లో వోల్టేజి కొలవండి. రాత్రి లోడు తగ్గాక మీ వీధిలో 250 ఉందనుకుందాం, ప్రీయాంప్ ట్రాన్స్‌ఫార్మర్ 220కి చుట్టినది అనుకుందాం. రెగ్యులేటర్ లేని సెట్టయితే 6.3 వోల్టులు ఉండాల్సిన హీటరుకు (మీరు చెప్పిన ఫిలమెంటే) 7.1కి పైగా పడుతుంది, దాదాపు పధ్నాలుగు శాతం ఎక్కువ. హీటరు వోల్టేజి పది శాతానికి మించి తప్పకూడదు. ప్రీయాంప్ ట్యూబు ఒద్దికగా నడిస్తే 5,000 గంటలు దాటి వస్తుంది, రోజుకు మూడు గంటల లెక్కన అది నాలుగేళ్ల పైమాట. ఏడాదికే పోతున్నాయంటే వోల్టేజినే ముందు అనుమానించాలి. వెనక 220/240 మీట ఉంటే 240కి మార్చించండి, లేకపోతే సర్వో స్టెబిలైజర్ పెట్టండి. హమ్ విషయానికొస్తే, మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపి చూడండి. సెట్టును అద్దాల షోకేసులో మూసి ఉంచుతుంటే మాత్రం ఈ రోజే బయటపెట్టండి. మన ఊరి మే నెల ఎండకు ఆ వేడి కూడా తోడైతే లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ట్యూబులకంటే ముందే ఎండిపోతాయి.

ప్రశ్న: ప్రీయాంప్ పెట్టె మీద వేలితో తడితే స్పీకర్లో టింగ్‌మంటోంది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ప్రమాదం లేదు. ట్యూబులో గ్రిడ్ తీగలు కదిలి ఆ కదలికే సిగ్నల్ అవుతోంది. కొంచెం టింగ్ ప్రతి ట్యూబులోనూ ఉంటుంది. పాట గట్టిగా పెట్టినప్పుడు కూడా గణగణ సాగుతుంటే సెట్టు ఆపి, చల్లారాక ఎడమ, కుడి ట్యూబులు అటుదిటు మార్చండి. శబ్దం చానల్ మారితే ఆ ట్యూబే, మార్చేయండి. స్పీకర్లున్న బల్ల మీదే ప్రీయాంప్ ఉంటే ముందు దాన్ని వేరే చోట పెట్టి చూడండి.

ప్రశ్న: తాతగారి వాల్వు రేడియోలో ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80 ట్యూబులున్నాయి. వీటికీ తొమ్మిది కాళ్లే. తీసి మా ప్రీయాంప్‌లో వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. కాళ్లు తొమ్మిదే అయినా ఏ కాలు ఎక్కడికి పోతుందన్నది ట్యూబుకొక తీరు. ఈజెడ్80 ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్, ఈసీహెచ్81 స్టేషన్ పట్టే దగ్గర పనిచేసేది, ఈఎల్84 స్పీకర్‌ను మోగించేది. ప్రీయాంప్‌లో ఉన్నది రెండు ట్రయోడ్‌లు ఒకే గాజులో ఇమిడిన ట్యూబు. మార్చి గుచ్చితే రెండు సెట్లూ పాడవుతాయి. ఐదు ట్యూబులూ పోకుండా ఉన్న రేడియో ఇప్పుడు దొరకడం కష్టం, దాన్నే బాగు చేయించండి. ఏళ్ల తరబడి మూలన ఉన్న సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకండి. లోపలి పాత కాగితపు కెపాసిటర్లు లీకవుతుంటాయి, వాటిలో ఒక్కటి షార్టయితే ఈఎల్84తో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా మాడిపోవచ్చు. ముందు ఆ కెపాసిటర్లు మార్పించి, మెకానిక్ తన బల్ల మీద వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుతూ నడిపి చూశాకే ఇంటికి తెచ్చుకోండి.