ముందు ఎగరనీ అబ్బీ, తుపాకి తర్వాత

అనంతపురం

అబ్బీ,

మీ అమ్మ ఫోన్ చేసి, "వీడు కడపలో మంచి ఉద్యోగం వదిలేసి కంప్యూటర్ ఆటకని బొమ్మ హెలికాప్టర్ చేస్తా కూర్చున్నాడు, నువ్వన్నా చెప్పన్నా" అని అరగంట బాధపడింది. చెప్తాలే అన్నాను. మానుకోమని మాత్రం చెప్పను.

నువ్వు పంపిన వీడియో చూసినాను. మిసైలు పేలినప్పుడు పొగ భలే కుదిరింది. కానీ హెలికాప్టర్ గోడకు కొట్టిన మేకు మాదిరి గాల్లో కదలకుండా నిలబడింది. నేను వైమానిక దళం నుంచి బయటికొచ్చినాక పనిచేసిన సిమ్యులేటర్ కంపెనీలోనూ ఇదే తప్పు. ఏడాదంతా బొమ్మలే దిద్దినాం. రిటైరైన పైలట్‌ను పిలిచి కూర్చోబెడితే రెండు నిమిషాలకే దిగి, "ఇది లిఫ్టయ్యా, హెలికాప్టర్ కాదు" అని టీ తాగి పోయినాడు.

మన దేశపు యుద్ధ హెలికాప్టర్ ప్రచండ్ చెయ్యాలని నీ ఆశ. 2022లో దళంలో చేరిన మెషీన్ అది. దాని అసలు లెక్కలు బయట దొరకవు, ఎవరన్నా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. అమెరికా వాళ్ల పాత యుద్ధ హెలికాప్టర్ ఏహెచ్-1 కోబ్రా తీసుకో. 1965లో తొలిసారి ఎగిరింది, పాత మాన్యువళ్లు దొరుకుతాయి.

కోబ్రా రోటర్, అంటే నెత్తిన తిరిగే రెక్కల చక్రం, నిమిషానికి 324 చుట్లు తిరుగుతుంది. నీ ఆట సెకనుకు 60 ఫ్రేములు. అంటే ఒక్క ఫ్రేములో రెక్క 32 డిగ్రీలు దాటిపోతుంది. ఆ సందులో ఏం జరిగిందో నీ ప్రోగ్రాంకు తెలీనే తెలీదు. అందుకే ఎగిరే లెక్కలను బొమ్మ నుంచి విడదీసి, సెకనుకు ఐదారు వందల సార్లు నడిపించు. రెక్కను పది పదిహేను ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కకు గాలి ఎంత వేగంతో, ఏ కోణంలో తగుల్తుందో చూడు.

చానామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు కష్టం దీని తర్వాతే. రోటర్ తాను కిందికి తోసిన గాలిలోనే తాను తిరగాల. ముందుకు కదిలి 16 నుంచి 24 నాట్ల (గంటకు 30 నుంచి 44 కిలోమీటర్ల) మధ్యకొస్తే ఆ చెడిన గాలి వెనకబడుతుంది, మెషీన్ ఒకసారి వణికి తనంతట తానే పైకి లేస్తుంది. అదే ముందుకు పోకుండా పవర్ మీద నిట్టనిలువునా వేగంగా దిగితే తన గాలి సుడిలో తానే ఇరుక్కుంటుంది. కలెక్టివ్, అంటే మెషీన్‌ను పైకి లేపే లివర్, లాగేకొద్దీ ఇంకా పడిపోతుంది. సైక్లిక్, అంటే మెషీన్‌ను ఏ పక్కకు కావాలంటే ఆ పక్కకు వాల్చే కర్ర, ముందుకు తోసి, ఆ సుడి దాటి బయటపడాల. నీ దాంట్లో కలెక్టివ్ లాగితే ఎప్పుడూ పైకే పోతాంది.

హోవర్లో, అంటే గాల్లో ఒకేచోట నిలబడినప్పుడు, కలెక్టివ్ ఎత్తితే ముక్కు కుడికి తిరగాల. దాన్ని ఆపేదానికి ఎడమ పెడల్ తొక్కితే తోక రోటర్ మొత్తం మెషీన్‌నే కుడికి నెట్టాల, దాన్ని సైక్లిక్‌తో ఎడమకు పట్టుకోవాల. ఒకటి ముట్టుకుంటే మూడు దిద్దుకునే పని.

ఎండనూ లెక్కలోకి తీసుకో. మన ఊరు 1,100 అడుగుల ఎత్తు. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం ఇక్కడి గాలి 4,500 అడుగుల మీది గాలంత పల్చన. నిండా రాకెట్లేసుకున్న కోబ్రా పొద్దున లేచినంత సుళువుగా అప్పుడు లేవకూడదు. దిగేటప్పుడు శెనక్కాయ చేన్లో ఎర్రదుమ్ము తూర్పార పట్టినట్టు అంచుల్లో లేచి, మళ్లీ పైనుంచి మీద పడాల.

ఇంకోటి. కోబ్రాకు రెండే రెక్కలు, తూగుడుబల్ల మాదిరి. గుట్ట దాటి ముక్కు చటుక్కున కిందికి తోస్తే బరువు తేలిపోయి కుడికి దొర్లుతుంది. పైలట్ బెదిరి ఎడమకు లాగితే రోటర్ పోయి ఇరుసును కొడుతుంది, అంతే. ముందు సైక్లిక్ మెల్లగా వెనక్కి లాగి బరువు మళ్లీ రోటర్ మీదికి తెచ్చుకోవాల. ఇది పెట్టకపోతే కోబ్రా అని పేరు పెట్టొద్దు.

పైలట్‌ను కూర్చోబెట్టినప్పుడు బాగుందా అని అడగొద్దు, మర్యాదకు బాగుందనేస్తాడు. పాదాలు చూడు. పెడళ్ల మీద ఊరికే ఉంటే నీ లెక్క తప్పు.

దసరాకు రా. నా పాత పెడళ్లు అటక మీదున్నాయి, తీసుకుపో. స్ప్రింగులు నేనే పీకేసినాను, మళ్లీ వేయించొద్దు. పెట్టిన చోటే నిలబడాల అవి. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ మామ