పాత టాటా 1613 లారీ ఐడ్లింగ్‌లో వణికి ఆగిపోతోందా? పంపు దించే ముందు డీజిల్ లైన్లో ఎయిర్ చూడండి

మీరు చెప్పింది ఇదీ: పాత టాటా 1613 లారీ, 697 ఇంజన్, మైకో పంపు (నాజిల్స్‌కి ఒత్తిడితో డీజిల్ పంపేది). పొద్దున సెల్ఫ్‌కి బాగానే అందుకుంటుంది, రేస్‌లో లాగుతుంది. టోల్‌గేటు దగ్గర కాలు తీస్తే వణికి ఆగిపోతుంది. హ్యాండ్ పంపు (చేత్తో డీజిల్ ఎక్కించే గుండీ) కొడితే మళ్లీ లేస్తుంది. మెకానిక్ పంపు దించాలంటున్నాడు.

ఇప్పుడే దించనివ్వకండి. హ్యాండ్ పంపు కొడితే లేచే బండికి లోపం చాలావరకు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ (ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఫిల్టర్‌కి పంపే చిన్న పంపు) మధ్యే ఉంటుంది. ఆ భాగంలో డీజిల్‌ని ఫీడ్ పంపు పీల్చుకుంటుంది. అందుకే పైపుకి సన్నటి పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైకి పొడిగా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఐడ్లింగ్‌లో నాజిల్‌కి (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) వెళ్లే డీజిలే చుక్కంత, అందులో బుడగ చేరితే ఆ సిలిండర్ మిస్ కొడుతుంది, అంటే మండకుండా వదిలేస్తుంది.

చూడటం తేలికే. ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే పైపు తీసి, ఆ స్థానంలో డీజిల్‌కి తట్టుకునే పారదర్శక గొట్టం క్లిప్పులతో బిగించండి. ఎయిర్ తీసి (ఎలాగో కింద చెప్పాను) స్టార్ట్ చేయండి. మొదట్లో నాలుగు బుడగలు రావడం మామూలే. ఐదు నిమిషాల తర్వాత కూడా సోడా కొట్టినట్టు బుడగలు వస్తూనే ఉంటే గాలి పీలుస్తున్నట్టే. అప్పుడు 5 లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, కొత్త హోస్‌తో నేరుగా ఫీడ్ పంపుకి ఇవ్వండి. రిటర్న్ పైపు కూడా క్యాన్‌లోకే పెట్టాలి, లేదంటే క్యాన్ తొందరగా ఖాళీ అవుతుంది. ఇంజన్ కుదురుగా ఆడితే పాత హోస్, బాంజో బోల్టుల (పైపుల చివర బిగించే బోలు బోల్టులు) రాగి వాషర్లు, ట్యాంకులోని సక్షన్ పైపు, దాని జాలీ చూడండి. వాషర్లు కొత్తవే వేయండి. ట్యాంకు మూత తీయగానే గాలి పీల్చిన చప్పుడొస్తే మూత రంధ్రం మూసుకుపోయినట్టు.

ఎయిర్ తీసేటప్పుడు హ్యాండ్ పంపు కొడుతూ ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు మీది స్క్రూ వదులు చేయాలి. బుడగ లేకుండా ధార వస్తున్నప్పుడే బిగించాలి. చివర్లో హ్యాండ్ పంపు గుండీని నొక్కి పూర్తిగా తిప్పి బిగించండి. అది వదులుగా ఉంటే దానిగుండానే గాలి పీలుస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఫిల్టర్ అడుగు డీజిల్‌ని గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున నీళ్లు తేరితే ట్యాంకు కడగాల్సిందే.

ఎయిర్ లేదని తేలినా వణుకు పోకపోతే సిలిండర్లు ఒక్కొక్కటే కట్ చేసి చూడాలి. ఇంజన్ ఆడుతుండగా నాజిల్ దగ్గరి పైపు నట్టుని పానాతో అర చుట్టు వదులు చేయండి. ఇంజన్ చప్పుడు మారి ఇంకా కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తోంది. ఏమీ మారకపోతే అదే మిస్ కొడుతున్న సిలిండర్. ఆ ధార ముందు చెయ్యి పెట్టొద్దు, ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరితే చెయ్యి పోయే ప్రమాదముంది. తర్వాత ఆ నాజిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చండి. మిస్ నాజిల్‌తో పాటు మారితే తప్పు నాజిల్‌ది. అక్కడే ఉంటే ట్యాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గరి సందు), కంప్రెషన్, ఆ లైను పంపు ఎలిమెంటు (పంపులో ఆ సిలిండర్‌కి డీజిల్ నెట్టే భాగం) వరుసగా చూడాలి.

స్టాప్ కేబుల్ (ఇంజన్ ఆపేందుకు లాగేది) కూడా విప్పి చూడండి. తుప్పు పట్టి లివర్ పూర్తిగా వెనక్కి రాకపోతే అచ్చం ఇలాగే ఆగిపోతుంది.

ఐడ్లింగ్ స్క్రూ తిప్పి స్పీడు పెంచితే రెండు రోజులు బాగున్నట్టుంటుంది, కానీ లోపం దాక్కుంటుంది. పంపు మీద సీలున్న స్క్రూ జోలికి అసలు వెళ్లొద్దు. ఇవన్నీ చూశాకే పంపు దించండి. పంపు పరీక్షించే బెంచ్ మీద ఫుల్ రేస్ డెలివరీ (పంపు ఇచ్చే డీజిల్ కొలత) ఒక్కటే కాదు, ఐడ్లింగ్ డెలివరీ కూడా ఆరు లైన్లకీ విడివిడిగా కొలిపించి, ఆ అంకెలు కాగితం మీద రాయించుకోండి.