పాత పాలరాతి సెయింట్ విగ్రహం: చెక్కిందా, పోతపోసిందా? ఎలా శుభ్రం చేయాలి?

ముందు వెనక వైపు చూడండి. గోడ గూటిలో నిలబెట్టడానికి చెక్కినవాటికి వెనక భాగం తరచు గరుకుగానే వదిలేస్తారు, ఉలి గాట్లు అక్కడే దొరుకుతాయి. జుట్టు పాయల మధ్య, అంగీ మడతల లోతుల్లో బరమాతో తొలిచిన గుండ్రటి గుంతలుంటే చెక్కిందనడానికి మంచి ఆనవాలు. పక్కన నిలువునా అతుకు గీత, సన్నటి గాలి బుడగలు ఉంటే అది రాతిపొడి, రెజిన్ కలిపి పోసినది. అడుగున గోటితో గీస్తే గీత పడిందా, అలబాస్టర్ (పాలరాయిలా కనిపించే మెత్తటి జిప్సం రాయి) కావచ్చు. దానికి నీళ్లు తగలనివ్వొద్దు. పాలరాయి గోటికి లొంగదు.

చేతిలోని వస్తువే సెయింట్ ఎవరో చెబుతుంది: తాళంచెవులైతే పేతురు, చక్రమైతే కేథరిన్, ఇనుప కమ్మీల చట్రమైతే లారెన్స్. కానీ ముందు విరిగేవి చేతులే. మణికట్టు దగ్గర అతుకుంటే ఆ వస్తువు తర్వాత పెట్టిందై ఉండొచ్చు.

పాలరాయైతే మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పిండిన దూదితో కింది నుంచి పైకి తుడవండి. వెనిగర్, నిమ్మరసం అస్సలు వద్దు. పైపొరలో కాల్సైట్ (పాలరాయిలోని ప్రధాన ఖనిజం) కరిగి మెరుపు పోతుంది. తుప్పు రంగు మరక లోపలి ఇనుప కడ్డీదైతే తుడిచి లాభం లేదు. తుప్పు ఉబ్బి రాయిని పగలగొడుతుంది, ఆ పని కన్జర్వేటర్‌కే (పాత కళావస్తువులను బాగుచేసే నిపుణుడికే) అప్పగించండి.